రైటరు రాసుకోని మాట

నేను యూనివర్సిటీలో రెండు చదువులు చదివాను. మొదటిది కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం. రెండోది లా, అందులోనూ నేరాలకూ సాక్ష్యాలకూ సంబంధించిన చట్టాలు. "ఈ రెంటికీ పొత్తేందిరా?" అని మా పల్లె పెద్దలు అడిగేవాళ్ళు. యూనివర్సిటీలో పంతుళ్ళు కూడా అదే ప్రశ్న కాస్త మర్యాదగా అడిగారు. పేపర్లో ఉద్యోగం రాక లాలో చేరాడని కొందరన్నారు. హాస్టల్ గది ఖాళీ చెయ్యకుండా ఉండటానికి చేరాడని కొందరన్నారు. రెండో మాటలో కొంచెం నిజం లేకపోలేదు. హాస్టల్లో రెండు పూటలా అన్నం పెట్టేవాళ్ళు. మా ఇంట్లో ఆ భరోసా లేదు. కానీ అసలు కారణం ఒక కాగితం. 1992 మార్చిలో పోలీసు స్టేషన్లో మా నాయన పేరుతో రాసిన ఫిర్యాదు. దాని కింద మా నాయన వేలిముద్ర ఉంది. పైన ఉన్న మాటలు మాత్రం ఆయనవి కావు.

మాది గుంటూరు జిల్లాలో కాలవ కింద ఊరు. ఊరికి పడమట మాదిగపల్లె. ఆ ఏడు మా నాయన ఒక ఆసామి దగ్గర మినుము కుప్పలు నూర్చాడు. పద్నాలుగు రోజుల కూలి బాకీ. రెండుసార్లు ఇంటికి పోయి అడిగితే రేపు రమ్మన్నాడు. మూడోసారి ఊళ్ళో టీ కొట్టు దగ్గర కనపడితే అడిగాడు. ఆ కొట్లో మా వాళ్ళ గ్లాసులు వేరే ఉండేవి, చూరు కింద చెక్క మీద బోర్లించి. మా నాయన తన గ్లాసు తాను కడుక్కుని పెడుతూ అడిగాడట. ఆ రాత్రి జరిగింది తరువాత నాకు ఆయన ఇట్లా చెప్పాడు:

"కూలి డబ్బులు ఇప్పించయ్యా అన్నాను. పదిమంది ఉన్నారక్కడ. 'ఏరా మాదిగోడా, నడిబజార్లో నిలబెట్టి నన్ను అడిగేటంతటోడివయ్యావా' అని చెప్పు తీసి రెండు దెబ్బలు కొట్టాడు. నేను చెయ్యెత్తలేదు. గ్లాసు పగిలింది."

మా బాబాయి, నాయనా నాలుగు మైళ్ళు నడిచి స్టేషన్‌కి పోయారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టి, చివరికి రైటరు పిలిచి అడిగి రాశాడు. ఆ కాగితంలో ఉన్నది ఇది: సదరు ఆసామి వద్ద నాకు రావలసిన కూలి డబ్బుల విషయమై వారి దొడ్డిలో ఇరువురికీ మాటామాటా పెరిగి, ఒకరినొకరు నెట్టుకొనగా నాకు స్వల్ప గాయములైనవి, తగు చర్య తీసుకొనవలసినదిగా ప్రార్థన.

నేను హాస్టల్లో ఉన్నాను. మా చెల్లెలు ఇన్‌లాండ్ లెటర్ రాస్తే వచ్చాను. బాబాయి తెచ్చిన కాపీ చదివాను. చదివి మా నాయనతో పోట్లాడాను, "ఇదేంది నాయనా, ఇట్టా చెప్పావా?" అని. "నేనెందుకు చెప్తాను, ఆయన రాసుకున్నాడు, నేను ఏలేశా" అన్నాడు. అప్పటికి నాకు ఆ కాగితంలో ఏమి పోయిందో సగమే అర్థమైంది. కులం మాట పోయింది, చెప్పు పోయింది, ఒక్కడు కొట్టింది 'ఒకరినొకరు' అయింది. ఇవి కనపడ్డాయి. టీ కొట్టు దొడ్డిగా మారడంలో ఉన్న సంగతి మాత్రం రెండేళ్ళ తరువాత లా క్లాసులో కూర్చున్నాక గాని తెలియలేదు.

1989లో చేసిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30న అమల్లోకి వచ్చింది. అందులో 3(1)(10) అని మా వాళ్ళందరి నోళ్ళల్లో నానిన సెక్షన్ ఒకటి ఉండేది. దళితుణ్ణి అవమానించాలనే ఉద్దేశంతో, బహిరంగంగా నలుగురూ చూసే చోట దూషించినా బెదిరించినా నేరం. నలుగురూ చూసే చోట. టీ కొట్టు అయితే నేరం, ఆసామి దొడ్డి అయితే కాదని వాదించొచ్చు. రైటరుకు ఈ సంగతి తెలిసి రాశాడా, అలవాటు కొద్దీ రాశాడా? నాకు ఈనాటికీ తేలలేదు. ఎక్కువమంది కావాలనే రాశాడంటారు. నాకైతే అలవాటు కొద్దీ రాశాడనుకుంటేనే ఎక్కువ భయమేస్తుంది.

యూనివర్సిటీ పేరు ఎందుకులెండి, అన్నీ ఒకటే. మా జర్నలిజం డిపార్ట్‌మెంట్‌లో 1991లో చేరిన వాళ్ళలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళం ఇద్దరమే. చేరిన రెండు నెలలకే చుండూరు జరిగింది. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితుల్ని పోలీసుల కళ్ళముందే వేటాడి చంపి, ముక్కలు చేసి, గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు. మా ఊరికి దూరం కాదు. మా అమ్మ తరఫు చుట్టాలున్న ఊళ్ళు అటువైపే. లైబ్రరీలో పేపర్ల ముందు నిలబడి చదువుతుంటే నా పక్కనున్న కుర్రాడు "మీ జిల్లాలో లా అండ్ ఆర్డర్ మరీ ఘోరం" అన్నాడు, వానలు ఎక్కువ అన్నట్టు.

క్లాసులో మాత్రం లాస్‌వెల్ గారు నడుస్తున్నాడు. ఆయన 1948లో వేసిన ప్రశ్న: ఎవరు, ఏమి, ఏ మార్గంలో, ఎవరికి, ఏ ఫలితంతో చెబుతున్నారు? షానన్ అనే ఇంజనీరుది ఇంకో బొమ్మ. ఒక చివర చెప్పేవాడు, ఒక చివర వినేవాడు, మధ్యలో తీగ, తీగలో రొద. టెలిఫోను గరగరలాడినట్టు. ఈ బొమ్మ నేను నోట్సులో ఎన్నిసార్లో గీసుకున్నాను. మా నాయన, రైటరు, మెజిస్ట్రేటు. రొద ఎక్కడుంది? తీగలో లేదు. తీగే మనిషి. ఆ మనిషికి కులం ఉంది. ఈ మాట పరీక్షలో రాస్తే పన్నెండు మార్కులకు నాలుగొచ్చాయి.

ఇంకో ముచ్చట చెప్పాలి. యునెస్కో వేసిన మెక్‌బ్రైడ్ కమిషన్ 1980లో ఇచ్చిన నివేదిక మాకు పెద్ద పాఠం. పాశ్చాత్య వార్తాసంస్థలు మూడో ప్రపంచం గురించి కరువులూ కుట్రలే రాస్తాయి, మన గొంతు మనల్ని చెప్పుకోనివ్వవు అని మా లెక్చరరు ఆవేశంగా చెప్పేవారు. నిజమే చెప్పారు. నాకు నచ్చిన పాఠం కూడా. ఒకరోజు లేచి, "సార్, ఊరికి పల్లె కూడా అంతే గదా, మన పేపర్లలో పల్లె గురించి రాసేదెవరు?" అని అడిగాను. ఆయన గడియారం చూసుకున్నారు. 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో గుర్తింపు పొందిన విలేకరుల జాబితా పట్టుకుని, అందులో ఒక్క దళితుడైనా ఉన్నాడా అని వెతికి, దొరకలేదని రాశాడు. అప్పటికి నేను క్లాసులో అడిగి నాలుగేళ్ళు. ఆయన వ్యాసం చదివి నవ్వొచ్చింది, కొంచెం ఏడుపూ వచ్చింది.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. ఇది దాచి పైవన్నీ రాస్తే నాకూ రైటరుకూ తేడా ఉండదు.

1992 మే నెలలో ట్రైనింగ్ కోసం నన్నొక దినపత్రిక జిల్లా డెస్కులో వేశారు. జీతం లేదు, బస్సు ఖర్చులు కూడా మనవే. మా పక్క మండలంలో ఒక పల్లె మీద పంపు నీళ్ళ దగ్గర గొడవ పెట్టుకుని ఊరివాళ్ళు వచ్చి పడ్డారు. నలుగురికి దెబ్బలు, అందరూ పల్లెవాళ్ళే. కంట్రిబ్యూటరు ఫోనులో చెబితే నేను రాశాను, 'దళితులపై దాడి' అని. సబ్ ఎడిటరు మంచివాడే, నాకు టీ ఇప్పించేవాడు. "దాడి అనడానికి నువ్వు చూశావా? 'ఇరువర్గాల ఘర్షణ' అని రాయి. ఎప్పుడూ సేఫ్" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని ఎవరూ రాయించలేదు. నేనే కొట్టేసి నేనే రాశాను. 'ఇరువర్గాల ఘర్షణ: నలుగురికి గాయాలు.' నిష్పాక్షికత గురించి క్లాసులో చదివిన పాఠం కూడా అప్పుడు గుర్తొచ్చి ధైర్యం చెప్పింది. అప్పటికి నాయన కాగితం చదివి రెండు నెలలే.

మూడు వారాల తరువాత ఆ పల్లె నుంచి ఒక పెద్దాయన ఆఫీసుకొచ్చాడు. చేతిలో పేపరు కత్తిరింపు. ముద్దాయిల తరఫు లాయరు బెయిలు పిటిషన్‌కి దాన్ని జతచేశాడట. చూడండి, పేపరువాళ్ళే ఇది రెండు వర్గాల కొట్లాట అంటున్నారు, అత్యాచారాల చట్టం ఎట్లా వర్తిస్తుంది అని. ఆ చట్టంలో 18వ సెక్షను ముందస్తు బెయిలు లేకుండా చేస్తుంది, కాబట్టి చట్టం వర్తించదని చూపించుకోవడమే వాళ్ళకు ముఖ్యం. పేపరు వార్త సాక్ష్యం కాదు, అది లా చదివినవాడెవడైనా చెప్తాడు. కానీ ఆ రోజు బెయిళ్ళు వచ్చాయి. నా వార్త వల్లే వచ్చాయని అనను, వాళ్ళకు ఇంకా కారణాలుండొచ్చు. పెద్దాయన కోపంగా కూడా అనలేదు. "ఇది నువ్వే రాశావంట గదా అబ్బాయా. మనోడివే గదా" అన్నాడు.

పేపరు ఉద్యోగం మీద మనసు అప్పుడే విరిగింది. కోర్సు పూర్తి చేశాను గాని, 1993లో లా ఎంట్రన్సు రాశాను.

మన ముందు తరం వాళ్ళు ఈ సంగతి మాకంటే ముందే పట్టుకున్నారు. కారంచేడు చూడండి. 1985 జూలై 16. మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి నీళ్ళు కలుపుతుంటే మున్నంగి సువార్త అడ్డుచెప్పి, కొట్టబోతే బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు ఊళ్ళో ఉండి రాజీకి ఒప్పుకోలేదు, చీరాల పోయి శిబిరం పెట్టుకు కూర్చున్నారు. ఎందుకు పోయారంటే ప్రాణభయంతోనే. కానీ పోవడం వల్ల ఇంకోటి జరిగింది. ఊళ్ళో ఉంటే వాళ్ళ మాట సర్పంచి దాకా, రైటరు దాకా. చీరాలలో ఉంటే ఎవరొచ్చినా వాళ్ళ నోటినుంచే వినాలి. విలేకరులు, నాయకులు, విద్యార్థులు, హక్కుల సంఘాలవాళ్ళు అందరూ శిబిరానికొచ్చి చాపల మీద కూర్చుని విన్నారు. మధ్యలో రైటరు లేడు. అందులోంచే ఆ సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం గారు ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చారు. కత్తి పద్మారావు గారు తిరగని పల్లె లేదు. మా పల్లెలో ఆయన మీటింగు పెట్రోమాక్స్ లైటు వెలుగులో జరిగింది, నేను తొమ్మిదో తరగతి.

తారకం గారి 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే చిన్న పుస్తకం నేను లా చదవకముందే చదివాను. లా పుస్తకాలన్నీ చదివాక మళ్ళీ చదివితే, ఒక లాయరు తెలుగులో, కూలివాడికి చదివి వినిపిస్తే అర్థమయ్యేట్టు, స్టేషన్లో ఏం అడగాలో ఎట్లా రాశాడా అని ఆశ్చర్యపోయాను. 1989లో మొదలైన 'నలుపు' పత్రికకు కూడా ఆయన సంపాదకుడు. కమ్యూనికేషనూ, నేర న్యాయమూ కలిపి చదవడమేంటని నన్నడిగిన పంతుళ్ళకు ఆయన పేరు చెప్పుంటే సరిపోయేది. అప్పుడు తట్టలేదు. మంచి జవాబులన్నీ మెట్లు దిగాకే తడతాయి.

కారంచేడు కేసు ఎట్లా నడిచిందో విద్యార్థులు తెలుసుకోవాలి. కేసులో సాక్షి దుడ్డు అలీసమ్మను తరువాత చంపేశారు. కింది కోర్టు శిక్షలు వేస్తే హైకోర్టు కొట్టేసింది. చివరికి 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన ముద్దాయికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేసి ఏళ్ళు శిక్ష ఖాయం చేసింది. ఇరవై మూడేళ్ళు. సువార్త బిందె ఎత్తిన నాడు పుట్టిన పిల్లకు అప్పటికి పెళ్ళయి పిల్లలుంటారు.

లా కాలేజీలో నాకు రెండు పేపర్లు గుర్తుండిపోయాయి. ఒకటి క్రిమినాలజీ. ఇటలీ డాక్టరు లాంబ్రోసో 1876లో కొందరు పుట్టుకతోనే నేరస్థులని, దవడ చూసి, చెవులు చూసి చెప్పొచ్చని రాశాడు. అది తప్పని మా పంతులు గారే చెప్పారు, తప్పని రాస్తేనే మార్కులు. కానీ ఇండియా దగ్గరికి వచ్చేసరికి 1871 నేరస్థ తెగల చట్టం ఒక పేరాలో అయిపోయింది. మా బాపట్ల దగ్గర స్టువర్టుపురం ఉంది. ఎరుకల వాళ్ళను పుట్టుకతోనే దొంగలని ముద్రేసి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి, పాసు లేకుండా కదలనివ్వకుండా పెట్టిన సెటిల్‌మెంటు అది. చట్టం 1952లో రద్దయింది. ముద్ర రద్దు కాలేదు. మా హాస్టల్లో ఒక కుర్రాడు తన ఊరు చీరాల అని చెప్పుకునేవాడు. మూడేళ్ళు నాకూ అదే చెప్పాడు. చివరి పరీక్ష రాసిన రాత్రి "మాది స్టువర్టుపురంరా, గదిలో సబ్బు పోయినా నన్నే చూస్తారని చెప్పలేదు" అన్నాడు. కారంచేడు, చుండూరు, స్టువర్టుపురం, ఈ మూడూ ఇప్పుడు, 2022లో ఏర్పాటైన బాపట్ల జిల్లాలో ఉన్నాయి. క్రిమినాలజీ చదవదలుచుకున్నవాడికి వేరే యూనివర్సిటీ ఎందుకు?

రెండోది సాక్ష్యం. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, మనవాళ్ళ కేసులు పోయేది ఇక్కడే. ఫిర్యాదును స్టేషన్లో రాసుకున్నాక ఫిర్యాదికి చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుని, కాపీ ఉచితంగా ఇవ్వాలి. అది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154. తరువాత దర్యాప్తులో సాక్షుల్ని విచారించి రాసుకునేవి 161 స్టేట్‌మెంట్లు. వీటి మీద సాక్షి సంతకం తీసుకోకూడదని 162 చెప్తుంది. పోలీసులు బలవంతాన సంతకాలు పెట్టించకుండా రక్షణగా పెట్టిన మాట అది. కానీ ఏమవుతుంది? పోలీసు ఏం రాసుకున్నాడో సాక్షికి తెలియదు. ఏళ్ళ తరువాత బోనెక్కి నిజం చెబితే, అవతలి లాయరు ఆ కాగితం చూపి, "ఇది అప్పుడు చెప్పలేదు కదా" అంటాడు. కోర్టు భాషలో దీన్ని ఒమిషన్ అంటారు. ముఖ్యమైన విషయం విడిచిపెడితే అది పరస్పర విరుద్ధం చెప్పినట్టే లెక్క. విడిచిపెట్టింది పోలీసు. అబద్ధమాడినట్టయ్యేది సాక్షి.

మా నాయన కేసు 1996లో విచారణకొచ్చింది. కలెక్టరుకు అర్జీలు పెట్టి, పెట్టి, అత్యాచారాల చట్టం సెక్షను ఎట్లాగో చార్జిషీటులో చేర్పించాం. నేను ఫైనలియర్. కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. బంట్రోతు పేరు మూడుసార్లు పిలిచాడు. మా నాయన కొత్త పంచె కట్టుకుని, చెప్పులు బయట విడిచి బోనెక్కాడు. ఎవరూ విడవమనలేదు.

"మీ ఫిర్యాదులో కులం పేరుతో తిట్టినట్టు లేదు. అవునా?"

"చెప్పానయ్యా. ఆయన రాసుకోలేదు."

"రాసి ఉందా లేదా? అంతవరకే చెప్పు."

"నాకు చదువు రాదయ్యా."

"జరిగింది ఆసామి దొడ్లో. టీ కొట్టు దగ్గరని ఇవాళ కొత్తగా చెబుతున్నావు."

"దొడ్లో అయితే గ్లాసెట్టా పగిలిద్దయ్యా?"

హాల్లో ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు, ఇంత గట్టి జవాబు లా చదివిన నాకు తట్టలేదే అనుకున్నాను. మా నాయన తెలుగులో చెప్తున్నాడు, జడ్జిగారు ఇంగ్లీషులో చెప్పి టైపు చేయిస్తున్నారు. తరువాత సర్టిఫైడ్ కాపీ తీసుకుని చూశాను. కులం పేరుతో తిట్టినట్టు నేను పోలీసులకు చెప్పలేదనడం నిజం కాదు, ఎగ్జిబిట్ పి-1లో ఆ విషయం లేదు, అని ఉంది. చదువు రాదన్న మాట లేదు. గ్లాసు లేదు. జడ్జిగారి మీద నాకు కోపం లేదు, రోజుకు ఎంతమందినో అట్లా టైపు చేయించాలి. కానీ మా నాయన చెప్పిన మాట రెండోసారి పోయింది, ఈసారి భాష కూడా మారిపోయి. రైటరు వచ్చి, ఫిర్యాది చెప్పినట్టే రాశాను, చదివి వినిపించాను అని చెప్పి దిగాడు. టీ కొట్టతను ఏమీ చూడలేదన్నాడు. ఆయన బతుకు ఆయనది, ఊళ్ళో కొట్టు నడవాలి. 1997లో కేసు కొట్టేశారు.

మా ఒక్కరి సంగతే అయితే ఇంత రాయనక్కర్లేదు. తంజావూరు జిల్లా కీళ్‌వెణ్మణిలో 1968 డిసెంబరు 25న 44 మంది దళిత కూలీల్ని, ఎక్కువ ఆడవాళ్ళూ పిల్లలూ, ఒక గుడిసెలో పెట్టి తగలబెట్టారు. 1973లో మద్రాసు హైకోర్టు భూస్వాముల్ని వదిలేసింది. అంత ఆస్తిపాస్తులున్న పెద్దమనుషులు పనివాళ్ళను పంపకుండా స్వయంగా వచ్చి నిప్పు పెడతారంటే నమ్మశక్యంగా లేదన్నది. అక్కడ సాక్షులు చెప్పింది రాసుకున్నారు. కానీ నమ్మలేదు. రాసుకోకపోవడం ఒక మెట్టు, రాసుకుని నమ్మకపోవడం దానిపై మెట్టు.

అందుకే చుండూరు వాళ్ళు చేసిన పని గొప్పదంటాను. కోర్టు మా ఊళ్ళోనే పెట్టండి అన్నారు. చట్టంలో ప్రత్యేక కోర్టులున్నాయి, వాటిని జిల్లా కేంద్రంలోనే పెట్టాలని ఎక్కడా లేదు. ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. చివరికి 2004లో చుండూరులోనే విచారణ మొదలైంది. దేశంలో ఇలాంటి కేసుకు ఘటన జరిగిన ఊళ్ళోనే కోర్టు అంటే చిన్న విషయం కాదు. నేను వెళ్ళి చూశాను. సాక్షి బస్సెక్కి, పరాయి ఊళ్ళో దిగి, కూలి పోగొట్టుకుని, అరుగు మీద పస్తుండక్కర్లేదు. ఇంటి నుంచి నడిచొస్తాడు. పల్లెవాళ్ళు చుట్టూ ఉంటారు. జరిగిన చోటు జడ్జి కళ్ళెదుట ఉంటుంది. చనిపోయినవాళ్ళను ఊరి నడిబొడ్డున పూడ్చిన రక్తక్షేత్రం అక్కడే ఉంది. మా నాయన జిల్లా కోర్టులో చెప్పులు విడిచి బోనెక్కాడు. ఇక్కడ సాక్షులు సొంత ఊళ్ళో, సొంత మనుషుల మధ్య నిలబడి చెప్పారు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. చనిపోయిన సమయం, చోటు, ఎవరు చంపారన్నది ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేకపోయిందన్నది. బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. వందల మంది తరుముతుంటే పొలాలకడ్డంపడి పారిపోతున్నవాడు టైమెంతయిందో చూసుకుని ఉండాల్సిందన్నమాట.

ఆ తరువాత చట్టం మారలేదని కాదు. 1995 నిబంధనలతో దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలన్నారు. 2015 సవరణ, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్నది, కులం పేరుతో దూషించడాన్ని విడిగా నేరమని రాసింది. బాధితులకూ సాక్షులకూ హక్కులు పెట్టింది. ఈ కేసుల విచారణ అంతా వీడియో తియ్యాలని కూడా అందులోనే ఉంది. నేను వెళ్ళిన వాయిదాల్లో ఒక్కదాంట్లోనూ కెమెరా చూడలేదు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు చట్టాన్ని నీరుగారిస్తే ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేసి, పార్లమెంటు చేత మళ్ళీ సరిచేయించుకున్నారు మనవాళ్ళు. 2020 నవంబరులో ఉత్తరాఖండ్ కేసులో, నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనిచోట తిట్టింది ఈ సెక్షను కిందికి రాదని సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు చదువుతుంటే నాకు ఆసామి దొడ్డి కనపడింది. మా నాయన ఎన్నడూ అడుగుపెట్టని దొడ్డి అది, గడ్డివాము దాకే. 2024 జూలై 1 నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, 154 పోయి 173 అయింది. ఫిర్యాదు ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా పంపొచ్చు, మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. దీన్ని మన పిల్లలు వాడుకోవాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. స్టేషన్‌కి పోకముందే ఇంట్లో కూర్చుని, వాడు ఏమన్నాడో ఆ మాటే రాయండి, సిగ్గుపడకండి, ఎక్కడో రాయండి, ఎవరెవరున్నారో రాయండి. మొన్న ఒక డిగ్రీ పిల్ల రాసుకొచ్చింది. తిట్టు దగ్గర చుక్కలు పెట్టింది. "చుక్కలు కోర్టులో చెల్లవమ్మా" అన్నాను. తల వంచుకుని నింపింది.

తీర్పు వచ్చిన రోజు రాత్రి మా నాయన దాన్ని చదివి వినిపించమన్నాడు. పదకొండు పేజీలు, ఇంగ్లీషు. కిరసనాయిలు దీపం దగ్గర పెట్టుకుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోయాను. అమ్మ గోడకానుకుని వింటోంది. అయిపోయాక నాయన, "నేనన్నది ఏ కాయితంలో ఉంది?" అని అడిగాడు. లేదు నాయనా అన్నాను. మళ్ళీ తిప్పి చూడమన్నాడు. చూశాను.

మర్నాడు ఒక తెల్లకాగితం తీసుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన చెప్తుంటే చెప్పింది చెప్పినట్టు రాశాను. టీ కొట్టు, చూరు కింద చెక్క, గ్లాసు, చెప్పు, ఆ మాట. చదివి వినిపించాను. ఒకచోట ఆపి, "పదిమంది కాదు, పదకొండు, కొట్టతను కూడా" అని దిద్దించాడు. సిరా పూసి వేలిముద్ర వేశాడు. ఆ కాగితం ఫిర్యాదు కాపీతో, తీర్పు కాపీతో కలిపి ట్రంకు పెట్టెలో ఉంది. దానికి ఏ ఎగ్జిబిట్ నెంబరూ లేదు.